పద్దెనిమిది జేబుల సంచి

ఎవరైనా ఏదైనా అడిగితే కాదనడం నాకు చేతకాదు. కోపం మాత్రం బోలెడు వస్తుంది. ముక్కు మీదే ఉంటుంది. కానీ ఎంత కోపంలో ఉన్నా నోటి నుంచి బయటికి వచ్చేది "సరేనండీ" అనే మాటే. మా పిన్ని దీన్ని జబ్బంటుంది. "అందరికీ వెన్నెముక పెట్టిన దేవుడు నీకు మాత్రం ఎలాస్టిక్ కుట్టాడే" అని వచ్చినవాళ్ళందరి ముందూ చెబుతుంది.

ఈ జబ్బు ముదరడానికి మా స్త్రీల కూటమే కారణమని నా అనుమానం. అమీర్‌పేటలో మా చర్చి ఆడవాళ్ళం ప్రతి గురువారం మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో చేరి ప్రార్థన చేసుకుంటాం. పాటలు, వాక్యం, చివర్లో టీ, ఉప్పు బిస్కెట్లు. ప్రార్థనకి ముందు ఎవరికేం కావాలో చెబుతారు. వాటిని ప్రార్థన అంశాలంటాం. అవన్నీ పొడుగాటి నోటుపుస్తకంలో రాయడం ఏడేళ్ళుగా నా పని. ఒకావిడకి మోకాళ్ళ నొప్పులు తగ్గాలి. ఇంకొకావిడ కొడుకు మూడో కోర్సు పూర్తి చేశాడు, ఇకనైనా ఉద్యోగం రావాలి. మరొకావిడ పైవాటాలో అద్దెకున్నవాళ్ళు తెల్లారుజామునే మంచాలు ఈడవడం మానాలి. అన్నీ రాయాలి. ఇది పెద్దది, అది చిన్నది అనకూడదు. అది తేల్చాల్సింది మనం కాదు. ఏదైనా అంశం నెరవేరితే దాని పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెడతాను, అందరూ చప్పట్లు కొడతారు. ఆ ఎర్ర పెన్నంటే నాకు ప్రాణం.

సంచి ఆలోచన పిన్నిది. పిన్ని పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఒకరోజు కంది పచ్చడి రుబ్బుతూ ఉన్నట్టుండి, "పేషెంటుకి మంచముంది, మందులున్నాయి, చూసేవాళ్ళున్నారు. పక్కన ఉండే మనిషికి ఏముందే? చీరల షాపు కవరు!" అంది. నిజమే. ఎవరు ఆసుపత్రికి వెళ్ళినా చేతికి నాలుగు ప్లాస్టిక్ కవర్లు వేలాడుతూనే ఉంటాయి. ఒకదాంట్లో రిపోర్టులు, ఒకదాంట్లో దుప్పటి, ఒకదాంట్లో ఫ్లాస్కు, నాలుగోదాంట్లో ఏముందో మోసేవాళ్ళకే తెలియదు. వాళ్ళ కోసమే ఒక సంచి తయారుచేస్తే?

అప్పటికి నేను బేగంపేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా టికెట్లు బుక్ చేస్తున్నాను. ఆఫీసు చెడ్డదేం కాదు. ఏసీ ఉంది, మర్యాదా ఉంది. కానీ కుట్టుపని అమ్మ దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాను, మిషను ముందు కూర్చుంటే నాకు కలిగే సంతోషం ఆ కంప్యూటర్ ముందు ఒక్క రోజూ కలగలేదు. జీతం లేని సెలవు మూడు నెలలు పెట్టాను. పిన్ని ఇంటి ముందుగదిలో మిషను వేసుకున్నాను. గుడ్డ ఎంచడం, పిడులు ఎంచడం, జిప్పులు తెచ్చి నచ్చక మార్చడం, వీటితోనే సెలవంతా దాదాపు అయిపోయింది. పంజాగుట్టలో సూట్‌కేసులూ బ్యాగులూ అమ్మే ఒక షాపాయన మాత్రం, "నమూనా తెచ్చి చూపియ్యమ్మా, మంచిగుంటే పెడత" అన్నాడు. ఆఫీసువాళ్ళు వస్తావో రావో ఫలానా సోమవారం సాయంత్రానికల్లా చెప్పమన్నారు. ఆయన సంచి తీసుకుంటే నేను మిషను దగ్గరే ఉండిపోవచ్చు. తీసుకోకపోతే మళ్ళీ టికెట్లే. నాకు వెళ్ళాలని లేదు. అసలు లేదు.

ఇంకా పదకొండు రోజులుందనగా, గురువారం కూటంలో సంచి సంగతి చెప్పి, "మీకు ఎలాంటి సంచి కావాలో చెప్పండి" అని అడిగాను. అడగడం తప్పు కాదు. ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్ళే అందరూ. నేను చేసిన తప్పు వేరే ఉంది. అలవాటు కొద్దీ ఆ ప్రార్థన పుస్తకమే తిరగేసి, వెనక పేజీలో ఒకటీ రెండూ అని నంబర్లు వేసి రాయడం మొదలుపెట్టాను.

"గొడుగు పెట్టుకోవడానికి ఒకటి ఉండాలమ్మా" అంది ఎండాకాలంలోనూ గొడుగు లేకుండా గడప దాటని ఆంటీ. రాశాను. "చెప్పులకు సుత ఒక జేబు పెట్టక్కా. ఐసీయూ బయట ఇడిస్తే మస్తు సార్లు పోతయి" అంది ఎదురు సందులో బ్యూటీపార్లర్ నడిపే చెల్లెలు. అదీ రాశాను. పాస్టరుగారి భార్యని మేమందరం అమ్మగారనే పిలుస్తాం. ఆవిడ, "బైబిలుకి విడిగా ఒక అర పెట్టమ్మా, కూర గిన్నె పక్కన పెట్టకూడదు కదా" అన్నారు. దువ్వెనకి, చెంచాలకి, ఛార్జరుకి, కళ్ళజోడుకి, ప్రార్థన నూనె సీసాకి, ఆఖరికి పక్కింటివాళ్ళ తాళాలకి కూడా తలా ఒక జేబు. అది అడిగినావిడ వీధిలో ఎవరు ఊరెళ్ళినా తాళాలు ఆవిడకే ఇస్తారు మరి. ఫ్లాస్కు, రిపోర్టుల ఫైలు, మెత్తటి బట్టలు, మందుల చీటీ కూడా ఎవరో అన్నారు. అవి ఆ గుంపులో అన్నింటితో సమానంగా నిలబడ్డాయి.

మొత్తం పద్దెనిమిది. వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చునే పెద్దమ్మ ఒక్కతే ఏమీ అడగలేదు. ఆవిడ ఎప్పుడూ మాట్లాడదు. నేనే వదలకుండా అడిగితే, "నాకేం వద్దులేమ్మా. మోసుకుపోగలిగితే చాలు" అంది. పందొమ్మిది అని వేసి, "మోయగలగాలి" అని రాశాను. అది జేబు కాదు కాబట్టి కుట్టడానికి ఏమీ లేదని కూడా అప్పుడే తేల్చేసుకున్నాను.

జాబితా చూసి పిన్ని, "ఇది సంచా, కిరాణా కొట్టా? సగం కొట్టెయ్" అంది.

"ఎవరిది కొట్టెయ్యను పిన్నీ? అందరూ ప్రేమగా చెప్పారు."

"అయితే అందరినీ సంచిలో కూర్చోబెట్టుకో" అని టీవీ పెట్టుకుంది.

ఆ వారమంతా కుట్టాను. జేబులో జేబు, జేబు వెనక జేబు. అంత ముచ్చటగా నేనెప్పుడూ కుట్టలేదు. మరుసటి గురువారం చూపిస్తే కూటంలో పండగే. ఎవరి జేబు వాళ్ళు వెతుక్కుని, జిప్పు తీసి, వేసి, "ఇది నాదే" అని పక్కావిడకి చూపించుకున్నారు. టీ చల్లారిపోయింది. అంతమందిలో ఒక్కరైనా దాన్ని నింపి భుజాన వేసుకుని చూడలేదు. నేనూ చూడలేదు.

శనివారం పొద్దున్నే వెనక వరస పెద్దమ్మ ఫోను. కూతురికి నొప్పులు మొదలయ్యాయి, తొలి కాన్పు. అల్లుడు ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయాడు. "ఆ సంచి ఓసారి ఇస్తావా అమ్మా" అంది. ఆవిడ నోరు తెరిచి అడగడమే అపురూపం. ఆవిడ తెచ్చిన సామానంతా నేనే దగ్గరుండి సర్దాను. జేబు ఖాళీగా ఉంచితే దాన్ని అడిగినవాళ్ళకి అన్యాయం చేసినట్టనిపించి, లేనివి మా ఇంట్లోవి వెతికి మరీ పెట్టాను. గొడుగుతో సహా. చివరికి లేపబోతే లేవలేదు. ఇద్దరం చెరో పిడి పట్టుకుని గ్యాసు సిలిండరు మోసినట్టు ఆటో దాకా మోశాం. పెద్దమ్మ నా వైపు చూసిందంతే.

పంజాగుట్టలో కాన్పుల వార్డు బయట బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. పదకొండింటికి తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటపెట్టి పెద్దమ్మ కూతురి పేరు పిలిచి, "అమ్మాయి పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. మెత్తటి బట్ట ఇవ్వండమ్మా, తొందరగా" అంది.

మనవైపు పుట్టిన బిడ్డకి ముందు చుట్టేది కొత్త బట్ట కాదు. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన పాత నూలు చీర ముక్క. పెద్దమ్మ తన అమ్మ చీర ముక్కలు నాలుగు మడతపెట్టి తెచ్చింది. వాటిని ఎనిమిదో నంబరు జేబులో నేనే పెట్టాను, ప్రమాణం చేసి చెప్పగలను. ఎనిమిదో నంబరు ఎటువైపుందో మాత్రం గుర్తు రాలేదు.

పెద్దమ్మ ఎడమచేత్తో అల్లుడిచ్చిన కాగితాలు పట్టుకుని కుడిచేత్తో ఒక జిప్పు లాగింది. దువ్వెన వచ్చింది. ఇంకోటి లాగింది. చెప్పులు. నేను వంగి అటువైపు నుంచి లాగితే గొడుగు వచ్చి టప్పున తెరుచుకుంది. పక్క బెంచీ ఆయన తల వెనక్కి తీసుకున్నాడు. "అమ్మా, బట్ట!" అని నర్సు రెండోసారి పిలిచింది. చెంచాలు. తాళాలు. నూనె సీసా. "గా పక్కది గుంజమ్మా", "కాదు, కిందది చూడు" అని బెంచీల మీద వాళ్ళందరూ సలహాలు. మూడో పిలుపు వినబడింది.

అప్పుడు ఎదురు బెంచీలోంచి ఒకావిడ లేచింది. కోడలి కాన్పుకి వచ్చిందట. చేతిలో చీరల షాపు కవరు. ఒక్క చెయ్యి అందులో పెట్టి, కళ్ళతో చూడనైనా చూడకుండా, తెల్లటి పాత పంచె ముక్క బయటికి తీసింది.

"ఆగు బిడ్డా, గా జిప్పులన్నీ తర్వాత తీద్దువు గానీ, ముందుగాల గిది పట్టు" అని నర్సు చేతిలో పెట్టింది.

అలా మా పాప, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇంటి పంచెలో చుట్టుకుని, కోపంగా ఏడుస్తూ బయటికి వచ్చింది. పెద్దమ్మ ఏడుస్తూ నవ్వింది. పంచె ఇచ్చినావిడా నవ్వింది. బెంచీలన్నీ నవ్వాయి. నేను నేల మీద పరుచుకున్న దువ్వెన, చెప్పులు, చెంచాల మధ్య కూర్చుని, గొడుగు మూస్తూ, ఆ చిన్న ఎర్రటి మొహాన్ని చూసి, ఇంత సంతోషంలోనూ సిగ్గుతో చచ్చిపోయాను. ఏ కవరుకి బదులుగా నేను సంచి కుట్టానో, ఆ కవరే నన్ను ఓడించింది. అదీ నలుగురి ముందు. చీర ముక్కలు తర్వాత చెప్పుల జేబు వెనకాల దొరికాయి.

పెద్దమ్మ సామానంతా కవర్లలోకి మార్చి, ఖాళీ సంచితో ఇంటికొచ్చి చెబితే పిన్ని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "గొడుగు తెరుచుకుందా? వార్డులోనా?" అని మూడుసార్లు చెప్పించుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నవ్వు పిన్నీ, నవ్వు. సోమవారం నుంచి బేగంపేటే నాకు" అన్నాను. అప్పుడు ఆపి, కొంగుతో కళ్ళు తుడుచుకుని చెప్పింది.

"ముప్పై ఏళ్ళు ఆ తలుపు లోపలి నుంచి నేనే పిలిచానే. అటువైపున్న మనిషికి ఎప్పుడూ ఒక చెయ్యే ఖాళీ ఉంటుంది. రెండో దాంట్లో కాగితమో, గ్లాసో, పేషెంటు చెయ్యో ఉంటుంది. ఒక్క చేత్తో, నేను రెండోసారి పిలిచేలోపు రావాల్సినవేంటో అవి చూడు. మిగతావి తీరిగ్గా కూర్చున్నాక తీసుకునేవి. వాటికి జేబులెందుకు?"

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నం తిని, పని మొదలుపెట్టాం. పిన్ని వంటింటి గుమ్మంలో నర్సు. నేను ముందుగదిలో ఎడమచేత్తో సొరకాయని పసిపిల్లలా ఎత్తుకుని పక్కన సంచితో. "ఫైలు!" అని పిన్ని అరిచేది. రెండో అరుపులోపు తీయాలి. "నీళ్ళు!" "బట్ట!" "మందుల చీటీ!" అందనిది ఏదైనా సరే, దాని చోటు మార్చాలి. ఆవిడ ఒక్కసారి కూడా "దువ్వెన!" అని అరవలేదు. ముప్పై ఏళ్ళలో ఏ డాక్టరూ దువ్వెన అడగలేదట. పక్క పోర్షన్ ఆయన తలుపు కొట్టి, "గొడవేం లేదు కదండీ?" అని అడిగి వెళ్ళాడు.

తర్వాత బ్లేడు తీసుకుని కుట్లు విప్పడానికి కూర్చున్నాను. ఇదే కష్టమైంది. ప్రతి జేబుకీ ఒక మొహముంది. గొడుగు జేబు విప్పుతుంటే ఆంటీ కళ్ళెదుట కనిపించింది. తాళాల జేబు దగ్గర ఐదు నిమిషాలు ఆగాను. బైబిలు అర దగ్గరికి వచ్చేసరికి చెయ్యే ఆడలేదు.

"అమ్మగారితో ఏం చెప్పను పిన్నీ?"

"పరుగులో ఎవరైనా బైబిలు చదువుతారా? కూర్చున్నాకే తెరుస్తారు. మధ్యలో పెద్ద అర ఉంది కదా, ఒక టవల్లో చుట్టి పెట్టుకోమను. దేవుడేం అలగడు. అమ్మగారి సంగతి నేను చెప్పలేను" అంది పిన్ని.

పద్నాలుగు జేబులు పోయాయి. నాలుగు మిగిలాయి. పైన జిప్పు లేకుండా నోరు తెరుచుకుని ఉండేది బట్టలకి. వెనక నిలువుగా రిపోర్టులకి. పక్కన ఫ్లాస్కు ఒరగకుండా ఒక పట్టీ గూడు. పిడి కింద మందుల చీటీకి చిన్నది. నింపి భుజాన వేసుకుని మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాను. తేలిగ్గా ఉంది. పేజీ చివర రాసి మరిచిపోయిన పందొమ్మిదో అంశం అప్పుడు గుర్తొచ్చింది. నంబర్లు నేనే తలకిందులుగా వేశానన్నమాట.

సోమవారం పొద్దున్నే మెట్రోలో ఒక్క స్టేషను, పంజాగుట్ట. షాపాయన అప్పుడే షట్టరు తీసి అగరొత్తి వెలిగించాడు. సంచి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గుడ్డ మంచిగున్నది. కుట్టు మంచిగున్నది. గని ఏందమ్మా, గిన్నే జేబులా? గిరాకీ వస్తే ముందుగాల జేబులే లెక్కవెడ్తడు. బయట ఇంకో నాలుగు కొట్టియ్యి, రేపే షాపుల పెడత."

నా నోట్లో "స" అనే అక్షరం వచ్చేసింది. నాలుగు జేబులే కదా, ఒక్క పూట పని. ఒప్పుకుంటే ఈ క్షణమే నేను గెలిచినట్టు. కానీ నేల మీద పరుచుకున్న ఆ చెంచాలు కళ్ళ ముందు మెదిలాయి.

"కుదరదండీ" అన్నాను.

నేనన్న మాటకి ఆయన కన్నా నేనే ఎక్కువ ఉలిక్కిపడ్డాను. ఆయన కనుబొమలు ఎగరేశాడు. ఇక ఆగకూడదనిపించి, "మీ చేతిలో ఫోను అలాగే ఉంచండి. ఈ సంచి భుజానికి వేసుకోండి. నేను నర్సుని. ఫైలు!" అని గట్టిగా అరిచాను.

పాపం, ఆయన బిత్తరపోయి వెనక్కి చెయ్యి పెట్టాడు. ఫైలు వచ్చింది. "బట్ట!" వచ్చింది. "నీళ్ళు! మందుల చీటీ!" అన్నీ వచ్చాయి, రెండోసారి పిలవకుండానే. ఆయన చేతిలోని చీటీని కాసేపు చూసుకుంటూ నిలబడ్డాడు.

"మా అమ్మను దవాఖానల ఉంచినప్పుడు ఒక కవరు తెగి రిపోర్టులన్నీ మెట్ల మీద వడ్డయి. ఒంగి ఏరుకుంట ఏడ్చిన" అన్నాడు. "ఇప్పుడు మంచిగనే ఉన్నది, ఫికర్ లేదు. జేబులొద్దు తియ్యి. ముందుగాల ఇరవై కుట్టుకరా."

బయటికొచ్చి ఫ్లైఓవర్ కింద నిలబడి పిన్నికి ఫోన్ చేశాను. బస్సుల హారన్లలో ఆవిడకి ఇరవై సంగతి వినిపించనే లేదు. "కుదరదన్నావా? నువ్వా? ఏదీ, మళ్ళీ అను" అంటూనే ఉంది. అన్నాను. తర్వాత ఆఫీసుకి ఫోన్ చేసి, సాయంత్రం దాకా ఆగకుండా, రావడం లేదని చెప్పేశాను. ఆరోజు రెండోసారి కాదని చెప్పడం తేలికైంది. సంచి ఆసుపత్రిలో పెద్దమ్మకి వాడుకోమని ఇచ్చేసి, అమీర్‌పేటకి తిరిగి నడిచే వెళ్ళాను. ఊరికే నవ్వొస్తుంటే మెట్రోలో అందరి ముందూ కూర్చోవడం బాగోదని.

అసలు పరీక్ష గురువారం. షాపాయన ఒక్కడు, కూటంలో పదహారుమంది. చూపించడానికి సంచి పొద్దున్నే పెద్దమ్మ ఇంటి నుంచి తెచ్చి, పుస్తకం, ఎర్ర పెన్నూ అందులోనే వేసుకెళ్ళాను. పుస్తకం తెరిచి నిలబడి, పోయిన పద్నాలుగు జేబులూ ఒక్కొక్కటే చదివి, క్షమించమన్నాను. గొడుగు ఆంటీ నా వైపు కాకుండా కిటికీ వైపు చూసింది. అమ్మగారు సంచి దగ్గరికి వచ్చి, తన బైబిలు చేతిరుమాల్లో చుట్టి, మధ్య అరలో పెట్టి, ఒక్క చేత్తో లేపి చూశారు. దించి వెళ్ళి కూర్చుని, "సరే, ప్రార్థన అంశాలు చెప్పండమ్మా" అన్నారు.

గొడుగు ఆంటీ చెయ్యి లేపింది. "నాకు గొడుగుకి ఒక జేబు కావాలి. ఈ అమ్మాయి ఇవ్వనంటోంది. దేవుడైనా ఇస్తాడేమో, రాసుకోమ్మా" అంది.

ఒక్కసారిగా నవ్వులు. "నాకు చెప్పుల జేబు సుత రాయక్కా" అంది పార్లర్ చెల్లెలు. "దువ్వెన!" "తాళాలు!" అన్నీ వచ్చాయి, వరసగా. తలొంచుకుని పద్నాలుగూ రాసుకున్నాను. ఆ పుస్తకంలో ఎవరినీ కాదనకూడదు.

అంతా సద్దుమణిగాక వెనక వరసలోంచి గొంతు సవరించుకున్న చప్పుడు. పెద్దమ్మ. ఆరు రోజుల మనవరాలిని ఇంట్లో వదిలి, గంట కోసం వచ్చింది. ఒళ్ళో ఉతికి మడతపెట్టిన తెల్ల పంచె ముక్క ఉంది. ఆ ఎదురు బెంచీ ఆవిడ చిరునామా కనుక్కుని తిరిగి ఇవ్వబోతోంది.

"నాకు కొత్తగా ఏం వద్దమ్మా" అంది. "నాలుగు రోజుల నుంచి ఆసుపత్రికీ ఇంటికీ నీ సంచే మోశాను. నా పందొమ్మిదోది ఉంది చూడు, దానికి టిక్కు పెట్టెయ్."

నాకు కళ్ళు మసకబారాయి. ఎర్ర పెన్ను కోసం సంచిలో చెయ్యి పెట్టాను. పెన్నుకి జేబు లేదు కదా, అది ఎక్కడో అడుక్కి పోయింది. "పెన్నేది?" అని అడిగారు. రెండోసారి అడిగారు, మూడోసారీ అడిగారు. నేను వెతుకుతూనే ఉన్నాను. ఎవరికీ తొందర లేదు.